పరమాణువుల వరస తప్పని తీగ

పెన్నా ఒడ్డున ఉన్న రొద్దం పేరు మన దేశ విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఒక ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. వైమానిక శాస్త్రవేత్త రొద్దం నరసింహ 1933లో పుట్టారు, 2020 డిసెంబరు 14న బెంగళూరులో కన్నుమూశారు. వాళ్ల పెద్దలది రొద్దం. తండ్రి ఆర్.ఎల్. నరసింహయ్యగారు బెంగళూరు సెంట్రల్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ కన్నడంలో సైన్సు రచనలు చేసినవారు. కొడుకు అమెరికాలో కాల్‌టెక్‌లో డాక్టరేటు చేసి వచ్చి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పాఠాలు చెప్పారు. 1984 నుంచి 1993 దాకా నేషనల్ ఏరోనాటికల్ లాబొరేటరీకి డైరెక్టరుగా ఉన్నారు. ప్రవాహం ఎంతసేపు పొరలుపొరలుగా సాఫీగా సాగుతుంది, ఎక్కడ కల్లోలంగా మారుతుంది, ఆ కల్లోలం మళ్లీ ఎలా సద్దుమణుగుతుంది అన్నది ఆయన ఏళ్ల తరబడి వదలని ప్రశ్న.

ఈ వ్యాసం ఆయన మీద కాదు. అయినా ఆయనతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. క్వాంటమ్ అనగానే మనకు సమీకరణాలు గుర్తొస్తాయి. కానీ క్వాంటమ్ పరికరం తయారీ మొదలయ్యేది ఒక గొట్టంలో వాయువు ఎలా కదులుతుందన్న దగ్గరే. కాన్‌బెరాలో, ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీలో స్ఫటికాలు పెంచే రియాక్టరు ఉంది. అందులో హైడ్రోజన్ వాయువు ఒక కొస నుంచి వచ్చి, వేడెక్కిన వేఫరు (స్ఫటికపు పలుచని బిళ్ల) మీదుగా సాగి, రెండో కొస నుంచి బయటికి పోతుంది. లోపలి పీడనం 100 మిల్లీబార్లు, అంటే మన చుట్టూ ఉన్న గాలిలో పదోవంతు. ప్రవాహం ఎక్కడైనా సుడి తిరిగితే వేఫరు ఒక అంచున పొర మందంగా, ఇంకో అంచున పలచగా వచ్చి పని పాడవుతుంది. నరసింహగారు విమానం రెక్కల దగ్గర వెతికిన సాఫీ ప్రవాహం ఇక్కడ పనిముట్టు.

ఆ ప్రయోగశాలను కట్టి నడిపినవారు చెన్నుపాటి జగదీశ్. కృష్ణా జిల్లా వల్లూరుపాలెం ఆయన ఊరు. 1957లో పుట్టారు. నాగార్జున విశ్వవిద్యాలయం నుంచి 1977లో బీఎస్సీ, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1980లో ఎమ్మెస్సీ టెక్, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1986లో పీహెచ్‌డీ. ఢిల్లీలో తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీవెంకటేశ్వర కళాశాలలో కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. 1988లో కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీకి, 1990లో కాన్‌బెరాకు వెళ్లారు. పత్రికలు ఆయన గురించి రాసినప్పుడల్లా కిరసనాయిలు దీపం దగ్గర చదువుకున్న బాల్యం, హైస్కూల్లో తమ ఇంట్లోనే ఉంచుకుని చదివించిన మాస్టారు ముందుకొస్తారు. ఆ సంగతులు నిజమే. కానీ దీపం దగ్గర చదివి పెద్ద ఉద్యోగాలకెళ్లినవాళ్లు ఆ తరంలో వేలమంది ఉన్నారు. ఆయన చేసిన పనిని దగ్గరగా చూసి రాసినవాళ్లు మాత్రం తెలుగులో తక్కువ. అందుకే ఇక్కడ పని గురించే మాట్లాడుకుందాం.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. క్వాంటమ్ నిర్మాణాలు ఎక్కడో మంచుగడ్డకన్నా చల్లటి పెట్టెల్లో మాత్రమే ఉంటాయనుకుంటాం. ఇంటికి ఫైబర్ నెట్ వస్తోందంటే దాని వెనకున్న లేజరులో క్వాంటమ్ వెల్ ఉంది. ముఖం చూసి తాళం తీసే ఫోనులో కంటికి కనిపించని వెలుగు చిమ్మే చిన్న లేజర్ల గుండెకాయ కూడా అదే. దాని నిర్మాణం చెప్పడానికి సులువు. ఉదాహరణకు, అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరల మధ్య గాలియం ఆర్సెనైడ్ పొర ఒకటి, ఐదు నుంచి పది నానోమీటర్ల మందంలో. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలోవంతు. అంత ఇరుకులో చిక్కిన ఎలక్ట్రాను తనకు నచ్చిన శక్తితో తిరగలేదు. కొన్ని మెట్లు మాత్రమే దానికి అనుమతి. పొర మందం తగ్గించిన కొద్దీ అట్టడుగు మెట్టు పైకి లేస్తుంది, అది విడిచే వెలుగు రంగు నీలం వైపు జరుగుతుంది. అంటే ఇక్కడ రంగు పదార్థం ఒక్కదాని గుణం కాదు. ఎంత మందంలో పెంచావన్నదాన్ని బట్టి కూడా వస్తుంది. 1970లో ఐబీఎం‌లో లియో ఎసాకి, రాఫెల్ సూ ఇలాంటి పొరల స్ఫటికాల ఆలోచన చెప్పారు. 1974కల్లా బెల్ లాబ్స్‌లో రేమండ్ డింగిల్ బృందం ఆ మెట్లను ప్రయోగంలో చూపించింది.

చెప్పడం సులువే. చేయడంలోనే పనితనమంతా. కాన్‌బెరా రియాక్టరులో గాలియం రావడానికి ట్రైమిథైల్ గాలియం అనే ద్రవం ఆవిరి, ఆర్సెనిక్ రావడానికి ఆర్సీన్ వాయువు వాడతారు. వేడి వేఫరును తాకగానే రెండూ విడిపోయి, గాలియం, ఆర్సెనిక్ పరమాణువులు వేఫరు మీద తమ తమ స్థానాల్లో కుదురుకుంటాయి. మిగిలిన కర్బన భాగాలు హైడ్రోజన్‌తో కొట్టుకుపోతాయి. ఆర్సీన్ ఎంత విషమంటే, పనిచేసేచోట గాలిలో కోటి పాళ్లకు అర పాలు మించకూడదని అమెరికా కార్మిక భద్రతా నిబంధన. అందుకే గొట్టానికి రెండు గోడలు, గదిలో వాసన పట్టే యంత్రాలు, లీకయితే తమంతట తామే మూసుకునే వాల్వులు ఉంటాయి. గాలిలో దుమ్ము సంగతి ఇంకోటి. మంచి క్లీన్ రూమ్‌లో ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకు పైబడిన రేణువులు వంద దాటకూడదు. ఎందుకంత పట్టుదలంటే, ఆ అర మైక్రాను, అంటే ఐదు వందల నానోమీటర్ల, ధూళి రేణువే మనం ముందు చూడబోయే యాభై నానోమీటర్ల తీగకు పది రెట్లు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. స్ఫటికాన్ని గంటకు ఒక మైక్రాను చొప్పున పెంచుతున్నారనుకుందాం. ఇది ఈ పనిలో మామూలు వేగమే. సెకనుకు 0.28 నానోమీటరు. గాలియం ఆర్సెనైడ్‌లో ఒక పరమాణు పొర మందం కూడా సరిగ్గా అంతే. అంటే సెకనుకు ఒక పొర పడుతుంది. పది నానోమీటర్ల క్వాంటమ్ వెల్ పూర్తవడానికి ముప్పై ఆరు సెకన్లు. ఆ తర్వాత అల్యూమినియం ఆవిరి రావాలి. వాల్వు తిరగడం సెకను ఆలస్యమైతే ఒక పొర ఎక్కువ పడుతుంది, రంగు మారుతుంది. పోనీ వాల్వు గబుక్కున తెరిచారా, పీడనం కుదుపుకు లోనై ప్రవాహం తొట్రుపడుతుంది. దీనికి ఈ రంగంలో కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది. ఏ వాయువునూ ఎప్పుడూ ఆపరు. వాడని వేళ దాన్ని పక్క గొట్టం గుండా బయటికి పంపుతుంటారు, కావలసిన క్షణంలో రియాక్టరు వైపు మళ్లిస్తారు. ప్రవాహం మొత్తం మీద పెరగదు, తగ్గదు. దారి మాత్రమే మారుతుంది. కొంత వృథా అవుతుంది, ఖరీదైన ఆవిరి పొగగొట్టం పాలవుతుంది. అయినా నునుపైన సరిహద్దు కావాలంటే ఆ నష్టం భరించాల్సిందే.

తొలి పదేళ్లూ జగదీశ్ బృందం ఈ పొరల మీదనే చేయి తిప్పుకుంది. ఆపైన క్వాంటమ్ డాట్లు. గాలియం ఆర్సెనైడ్ మీద ఇండియం ఆర్సెనైడ్ పరిస్తే, రెండింటి పరమాణువుల మధ్య దూరాల్లో ఏడు శాతం తేడా ఉండడంతో మొదటి పొరా, ఆ పైన మరికాస్తా సర్దుకుంటాయి. ఆపైన ఇమడలేక చిన్నచిన్న దిబ్బలుగా లేస్తాయి. ఆ దిబ్బలే డాట్లు. ఎలక్ట్రానుకు మూడు దిశల్లోనూ గోడలే. ఇందులో మనిషి చేతికి దొరికేది తక్కువ, ప్రకృతి తనే చేసుకుపోతుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది తర్వాత వచ్చిన నానోవైర్ల పని. అక్కడే ఈ కాన్‌బెరా బృందం ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది.

నానోవైరంటే నిలువుగా మొలిచిన స్ఫటికపు తీగ. ఎంత సన్నమో చెప్పడానికి మన ప్రాంతంలో కొలమానం దగ్గరలోనే ఉంది. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టులో అమ్ముడయ్యే గూటి నుంచి లాగిన ఒక్క పోగును, జిగురు తీసేశాక చూస్తే, దాదాపు పది మైక్రాన్లుంటుంది. ధర్మవరం మగ్గం మీదికి ఎక్కే దారంలో అలాంటి పోగులు పదుల సంఖ్యలో కలిసి ఉంటాయి. ఆ ఒక్క పోగు అడ్డకొలతలో నానోవైర్లు రెండు వందలు పక్కపక్కన పడతాయి.

అంత సన్నటి తీగను చెక్కితే రాదు. మొలిపించాలి. 1964లో బెల్ లాబ్స్‌లో వాగ్నర్, ఎల్లిస్ అనే ఇద్దరు చూపించిన దారి ఇది. వేఫరు మీద బంగారు రేణువు ఒకటి పెడతారు. వేడిలో అది చుట్టూ ఉన్న ఆవిరిలోంచి పదార్థాన్ని పీల్చుకుని బొట్టుగా మారుతుంది. ఇంక పట్టనంతగా నిండాక అడుగు నుంచి స్ఫటికాన్ని విడుస్తుంది. బొట్టు పైకి పోతూంటుంది, కింద తీగ పెరుగుతూంటుంది. బొట్టు వెడల్పే తీగ వెడల్పు. కాన్‌బెరాలో వాడినవి ఎక్కువగా యాభై నానోమీటర్ల బంగారు రేణువులు, నీటిలో తేలే ద్రావణం రూపంలో. వేఫరు మీద ఆ చుక్క వేస్తే రేణువులు నిలవవు, కడిగితే పోతాయి. అందుకని ముందుగా పాలీ-ఎల్-లైసిన్ అనే పదార్థం పూస్తారు. జీవశాస్త్రం ల్యాబుల్లో గాజుపలక మీద కణాలు అంటుకోవడానికి వాడేది అదే. దాని ధనావేశం బంగారు రేణువుల రుణావేశాన్ని పట్టి ఉంచుతుంది. తర్వాత ఆర్సీన్ వాయువులో 600 డిగ్రీల దాకా కాల్చి మలినాలు ఎగరగొట్టి, అప్పుడు అసలు వేడికి దించుతారు.

సమస్య మొదలయ్యేది ఇక్కడి నుంచే. గాలియం ఆర్సెనైడ్ స్ఫటికంలో పొరలకు ఒక వరస ఉంది. మన అక్షరాల్లో రాస్తే క ఖ గ, క ఖ గ, క ఖ గ. తీగ పెరిగేటప్పుడు ఒక్కో పొరా బొట్టు కింద కొత్తగా మొదలవుతుంది. మొదలయ్యేటప్పుడు ఎప్పుడైనా ఒకటి తప్పుడు చోట కూర్చుంటే వరస క ఖ గ ఖ క అని తిరగబడుతుంది. అక్కడి నుంచి పైనున్న స్ఫటికమంతా కిందిదానికి అద్దంలో ప్రతిబింబం. దీన్ని ట్విన్ అంటారు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే తీగకు అడ్డంగా గీతల్లా కనిపిస్తాయి. తీగ నిడివినా వందల గీతలు ఉండడం అప్పట్లో మామూలు. బయటికి తీగ చక్కగానే ఉంటుంది. లోపల ఎలక్ట్రాను మాత్రం ప్రతి గీత దగ్గరా చెదురుతుంది. ఎలక్ట్రానును తరంగంగా వాడుకోవాలనుకునే పరికరానికి ఇంతకన్నా చేటు లేదు.

వేడి ఎక్కువ పెడితే తీగ నిటారుగా లేస్తుంది. కానీ పక్క గోడల మీద కూడా స్ఫటికం పేరుకుంటుంది, అడుగు లావుగా, కొన సన్నగా తయారవుతుంది. పైగా ట్విన్లు. వేడి తగ్గిస్తే గోడల మీద పేరుకోవడం ఆగుతుంది. కానీ తీగ మొలకెత్తేటప్పుడే తడబడి, వంకర తిరిగి, వేఫరు మీద పాకుతుంది. రెండు దార్లూ మూసుకుపోయినట్టే కదా. 2007లో ఈ బృందం ‘నానో లెటర్స్’ పత్రికలో ప్రకటించిన పరిష్కారం చదివితే ఇంత తేలికా అనిపిస్తుంది. మొలకెత్తడానికి కావలసిన వేడి వేరు, పెరగడానికి కావలసిన వేడి వేరు అని వాళ్లు గుర్తుపట్టారు. 450 డిగ్రీల దగ్గర కొద్దిసేపు మాత్రమే ఉంచి తీగ మొదలును నిటారుగా నిలబెట్టారు. వెంటనే వేడిని 400 డిగ్రీల కిందికి దించి, మిగతా పెరుగుదలంతా అక్కడ నెమ్మదిగా కానిచ్చారు. ఒకసారి నిటారుగా మొదలైన తీగ చల్లబడ్డా దారి తప్పలేదు. గోడలు లావెక్కలేదు. ట్విన్లు మాయమయ్యాయి. క ఖ గ వరస మొదటి నుంచి చివరిదాకా చెదరలేదు.

ఆ 2007 వ్యాసపు మొదటి రచయిత హన్నా జాయిస్, అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థిని, తర్వాత కేంబ్రిడ్జిలో ఆచార్యురాలయ్యారు. జగదీశ్‌తో పాటు మొదటి నుంచీ ఉన్న హో టాన్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఆ గీతల్ని లెక్కపెట్టిన క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయపు జిన్ జౌ, తీగ విడిచే వెలుగును కొలిచిన సిన్సినాటి విశ్వవిద్యాలయం వాళ్లు, ఇలా చాలా చేతులున్నాయి ఈ పనుల వెనక. ఇలాంటి పనిలో ఒక్కరి పేరే చెప్పడం అన్యాయం. జగదీశ్ ఘనత ఈ చేతుల్నన్నిటినీ ఒక పని మీదికి తెచ్చి, విద్యార్థి పేరు ముందు పెట్టడంలో కూడా ఉందని నేననుకుంటాను.

రెండేళ్లకు, 2009లో, అదే విద్యార్థిని మరో వింత చూపించింది. స్ఫటికం నిదానంగా పెరిగితేనే బాగుంటుందని ఈ వృత్తిలో అందరి నమ్మకం. పరమాణువుకు సరైన చోటు వెతుక్కునే తీరిక దొరుకుతుందన్నది వాదన. నానోవైర్ల విషయంలో ఆవిరి ధార పెంచి వేగంగా పెంచి చూశారు. ట్విన్లు తగ్గాయి, గోడలు లావెక్కడం తగ్గింది, తీగలోకి చొరబడే మలినాలూ తగ్గాయి. ఫలితం ఎంత ఎదురుచూడనిదంటే, వ్యాసం శీర్షికలోనే అనుకోని లాభాలు అన్న మాట పెట్టారు. శాస్త్రవేత్తలు శీర్షికల్లో ఆశ్చర్యపడడం అరుదు.

సరే, లోపల వరస కుదిరింది. ఇక ఒంటిపొర సంగతి. యాభై నానోమీటర్ల తీగలో మధ్యన ఉన్న ఎలక్ట్రానుకు బయటి గోడ ఇరవై ఐదు నానోమీటర్ల దూరమే. ఎటు కదిలినా గోడే. ఆ గోడ మీద జత దొరకని బంధాలు, గాలి తగిలి ఏర్పడిన తుప్పు ఉంటాయి. అక్కడికి చేరిన ఎలక్ట్రాను వెలుగివ్వకుండానే చచ్చిపోతుంది. ఎంత తొందరగా అన్నదాన్ని ఉపరితల పునస్సంయోగ వేగం అనే కొలతతో చెబుతారు. ఆక్స్‌ఫర్డ్‌లో మైకేల్ జాన్‌స్టన్ ప్రయోగశాలలో టెరాహెర్ట్జ్ కిరణాలతో (మైక్రోవేవ్‌కూ పరారుణానికీ నడుమ ఉండేవి) కొలిచి 2013లో ప్రకటించిన అంకెలివి: గాలియం ఆర్సెనైడ్ తీగకు సెకనుకు 5,40,000 సెంటీమీటర్లు, ఇండియం ఫాస్ఫైడ్ తీగకు 170 సెంటీమీటర్లు. మూడు వేల రెట్ల తేడా. ఈ అంకె పెట్టి లెక్క కడితే, ఒంటిమీద ఏమీ లేని యాభై నానోమీటర్ల గాలియం ఆర్సెనైడ్ తీగలో ఎలక్ట్రాను ఆయుష్షు రెండు పికోసెకన్ల చిల్లర. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో రెండు.

పదార్థం మార్చడం ఒక దారి. తీగకు తొడుగు వేయడం ఇంకో దారి. కాన్‌బెరాలో రెండూ చేశారు. గాలియం ఆర్సెనైడ్ తీగ చుట్టూ అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొర పెంచారు. రెండింటి పరమాణు దూరాల్లో తేడా 0.1 శాతం దాకా మాత్రమే, కాబట్టి కుట్టు కనిపించనంత సాఫీగా అతుకుతుంది. కానీ అల్యూమినియం ఉన్న పొర గాలికి తుప్పు పడుతుంది. దాని మీద మళ్లీ పలచగా గాలియం ఆర్సెనైడ్. మూడు పొరల తీగ. ఎలక్ట్రాను ఆయుష్షు పికోసెకన్ల నుంచి నానోసెకను దాకా పెరిగింది. అలాంటి తీగ రెండు కొసలూ రెండు అద్దాలుగా పనిచేసి, గది ఉష్ణోగ్రత దగ్గరే లేజరుగా వెలిగిందని 2013లో ‘నేచర్ ఫోటానిక్స్’లో ధ్రువ్ సక్సేనా మొదటి రచయితగా వచ్చిన వ్యాసం చెబుతుంది. గాలియం ఆర్సెనైడ్ తీగతో గది వేడిలో లేజరు సాధించడం ఈ రంగంలో ఒక పెద్ద అడుగు.

ఆ మరుసటి ఏడాది బంగారాన్నే వదిలేశారు. ఎలక్ట్రానిక్ పరికరాల్లో బంగారపు పరమాణువు ఒక్కటి లోపలికి జొరబడ్డా ఎలక్ట్రాన్లకు ఉచ్చే. సిలికాన్ చిప్పుల కర్మాగారాలు బంగారాన్ని గుమ్మం తొక్కనివ్వవు. అందుకని వేఫరు మీద సిలికా పొర పరిచి, ఎలక్ట్రాన్ కిరణంతో వరుసగా చిల్లులు గీసి, ఆ చిల్లుల్లోంచే ఇండియం ఫాస్ఫైడ్ తీగలు మొలిపించారు. 80 నుంచి 600 నానోమీటర్ల దాకా అన్ని లావుల్లోనూ తీగలు కొన దాకా ఒకే మందంలో వచ్చాయి, పొరల వరసలో ఒక్క తప్పు లేదు. లోపల పుట్టిన ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాను వదిలిన ఖాళీ) జతల్లో సుమారు సగం వెలుగుగా మారాయి. పెద్ద పలక మీద పెంచిన అదే పదార్థం ఇచ్చే దిగుబడితో అది సమానం. సన్నబడినందుకు చెల్లించాల్సిన సుంకం లేకుండా పోయిందన్నమాట. చియాన్ గావో పేరు మీద 2014లో వచ్చిన ఈ వ్యాసం, నా మటుకు, ఈ బృందం చేసిన పనులన్నిటిలోకీ పనితనం రీత్యా మేలైనది. ఫొటోలో ఆ తీగలు ఆరు పలకల స్తంభాల్లా బారులు తీరి ఉంటాయి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అన్నది కనిపించదు.

మొలిచిన తీగతో పరికరం చేయడం మరో తంతు. వేఫరును ద్రవంలో ముంచి అల్ట్రాసౌండ్‌తో కదిపితే తీగలు మొదలు దగ్గర విరిగి ద్రవంలో తేలతాయి. ఒక చుక్క తీసి ఇంకో పలక మీద వేస్తారు. ఎండాక చూస్తే తీగలు చిందరవందరగా పడి ఉంటాయి. వాటిలో ఒంటరిగా, తిన్నగా ఉన్నదాన్ని మైక్రోస్కోపులో వెతికి, దాని చోటును గుర్తులతో కొలుచుకుంటారు. పైన పాలిమర్ పొర పూసి, ఎలక్ట్రాన్ కిరణంతో తీగ రెండు కొసల దగ్గర మాత్రమే కిటికీలు తెరుస్తారు. లోహం ఆవిరి పట్టించే ముందు ఆమ్లంతో ఆ కిటికీలోని తుప్పును కడగాలి. కడిగాక ఆలస్యం చేస్తే మళ్లీ తుప్పు. ఆపైన ఎసిటోన్‌లో ముంచితే అక్కర్లేని లోహమంతా పాలిమర్‌తో ఊడిపోయి, రెండు కొసల దగ్గర మిగులుతుంది. ఇంతా చేశాక, తీగను తాకబోయే మనిషి ఒంట్లోని స్థిర విద్యుత్తు చాలు, అది క్షణంలో కాలిపోవడానికి. అందుకే మణికట్టుకు భూమితో కలిపిన పట్టీ కట్టుకుని కూర్చుంటారు.

ఇలా ఒక్క తీగతో టెరాహెర్ట్జ్ కిరణాలను పట్టే పరికరాన్ని కాన్‌బెరా, ఆక్స్‌ఫర్డ్ బృందాలు కలిసి 2015లో చేశాయి. 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చినదాంట్లో తీగల్ని ఒకదానికొకటి అడ్డంగా అమర్చి, వచ్చే కిరణం ఏ దిశలో కంపిస్తోందో మొత్తంగా ఒకేసారి పట్టగలిగారు. ఒక తీగ సంకేతం ఇంకోదాంట్లోకి కారకుండా చూడడమే అందులో కష్టం.

ఇక తీర్పు చెప్పాలంటే, మెచ్చుకోలుతో పాటు ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. క్వాంటమ్ వెల్ లేజర్లు కోట్ల సంఖ్యలో అమ్ముడవుతున్నాయి. నానోవైరు లేజరు ఇంకా ప్రయోగశాల దాటలేదు. దానికి ఇంకో లేజరు కిరణంతో శక్తినివ్వడం సులువే, కరెంటుతో నడపడం కష్టం. అయినా ఈ పని విలువ అమ్మకంతో తూచలేం. సిలికాన్ మీద గాలియం ఆర్సెనైడ్ పలకను పెంచితే పరమాణు దూరాల్లో నాలుగు శాతం తేడాతో స్ఫటికంలో లోపాలు పుడతాయి. సన్నటి తీగ మాత్రం పక్కలకు సర్దుకుని నిలబడుతుంది. సిలికాన్ చిప్పు మీదే వెలుగిచ్చే పదార్థాన్ని మొలిపించాలన్న పాత కోరికకు ఇప్పటికి దొరికిన మంచి దార్లలో ఇదొకటి. ఆ దారిలో రాళ్లు ఏరినవాళ్లలో ముందువరసలో తెలుగువాడు ఉన్నాడు. ఆస్ట్రేలియా ప్రభుత్వం 2016లో ఆయనకు ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం ఇచ్చింది. 2022లో ఆస్ట్రేలియన్ అకాడమీ ఆఫ్ సైన్స్‌కు అధ్యక్షుడయ్యారు. భార్య విద్యతో కలిసి, వర్ధమాన దేశాల విద్యార్థులు వచ్చి ఆ ల్యాబుల్లో పనిచేసి వెళ్లేందుకు ఒక నిధి కూడా పెట్టారు.

మన రాష్ట్రంలో ఇప్పుడు క్వాంటమ్ మాట గట్టిగా వినిపిస్తోంది. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ₹6,003 కోట్లతో నేషనల్ క్వాంటమ్ మిషన్‌కు ఆమోదం తెలిపింది. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ పెడతామని, ఐబీఎం 156 క్యూబిట్ల యంత్రాన్ని తెస్తామని 2025లో ప్రకటనలు వచ్చాయి. రావాలి, మంచిదే. కానీ ఆ యంత్రం కొని తెచ్చుకునేది. దాని లోపలి చిప్పు తయారుచేసే చేతులు మనకెన్ని ఉన్నాయన్న ప్రశ్న ఏ సభలోనూ వినపడడం లేదు. నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపూర్ నుంచి వెళ్లిన వి. రాంగోపాల్‌రావు వంటి ఆచార్యులు ఆ ప్రశ్నను ముందే వేసుకున్నారు. 2006లో ఐఐటీ బొంబాయి, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన నానో ఎలక్ట్రానిక్స్ కేంద్రాల వెనక ఆయన కృషి ఉంది. వాటికి అనుబంధంగా ఐఎన్‌యూపీ అనే కార్యక్రమం వచ్చింది. బయటి కాలేజీల అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఆ క్లీన్ రూముల్లోకి వచ్చి పని నేర్చుకోవడానికి, ప్రతిపాదన బాగుంటే తమ పరికరాన్ని తామే చేసుకోవడానికి అది వీలు కల్పిస్తుంది.

బెంగళూరు ఐఐఎస్‌సీలో ఆ క్లీన్ రూమ్ విస్తీర్ణం 14 వేల చదరపు అడుగులు. హిందూపురం నుంచి రైలెక్కితే పూట ప్రయాణం కూడా కాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం డిగ్రీ కాలేజీల్లో ఫిజిక్సు చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: ఈ ఏడాది ఐఎన్‌యూపీ వర్క్‌షాపు ప్రకటన వచ్చినప్పుడు మీరు దరఖాస్తు పెట్టండి, మీ దగ్గర ఎమ్మెస్సీ చదివే పిల్లల్లో చేతిపని మీద ఇష్టమున్నవాళ్ల చేత కూడా పెట్టించండి.